డాలరు–రూపాయి: ఫండమెంటల్, టెక్నికల్ రెండూ ఒకే నోటుబుక్కులో కలిపి చూడటం ఎలా?

"ముందు ఫండమెంటల్ నేర్చుకోవాలా, టెక్నికల్ నేర్చుకోవాలా?" కరెన్సీ వైపు కొత్తగా చూసే ప్రతి ఒక్కరూ అడిగేది ఇదే. అమెరికాలో చదివే బిడ్డకు ఫీజు కట్టాల్సిన తిరుపతి తల్లిదండ్రులు అడుగుతారు. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు, గ్రానైట్ ఎగుమతుల లెక్కలు చూసేవాళ్లు అడుగుతారు. శ్రీసిటీ కంపెనీలకు విదేశీ విడిభాగాలు తెప్పించి ఇచ్చే చిన్న సరఫరాదారులూ అడుగుతారు.

జవాబు సూటిగా చెప్పేస్తాం. డాలరు ఎటు మొగ్గుతోంది, ఏ రోజున దాని జోలికి పోకూడదు అన్నది ఫండమెంటల్ చెబుతుంది. ఎక్కడ కొనాలి, ఎక్కడ తప్పు ఒప్పుకుని బయటపడాలి, ఎంత మొత్తం (ఎన్ని లాట్లు) అన్నది టెక్నికల్ చెబుతుంది. ఒకదాని పని రెండోదానితో చేయించబోతేనే డబ్బు పోతుంది.

జూన్‌లో తోతాపురి కాయ ధర గుర్తు చేసుకోండి. కాపు ఎంత, ఫ్యాక్టరీలో నిరుటి గుజ్జు ఎంత మిగిలింది, విదేశీ ఆర్డర్లు ఎన్ని అని ఆరా తీయడం ఫండమెంటల్. పది రోజులుగా మండీలో పలికిన రేట్లు వరసగా రాసుకుని చూడటం టెక్నికల్. ఇంతకు మించి సిద్ధాంతం అక్కర్లేదు, పనిలోకి వెళ్దాం.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- 200 పేజీల లాంగ్ నోటుబుక్కు, స్కేలు, రెండు రంగుల పెన్నులు
- చార్టు చూడటానికి కంప్యూటర్. ఫోన్ చాలదు, ఆరు నెలల చార్టు చిన్న తెరమీద తప్పుగా కనబడుతుంది. ట్రేడింగ్‌వ్యూ ఉచిత ఖాతా సరిపోతుంది.
- భారత కాలమానంలో చూపించే ఎకనామిక్ క్యాలెండర్
- రోజుకు 20 నిమిషాలు, శనివారం ఒక గంట
- మొదటి మూడు నెలలకు డబ్బు సున్నా. అంతా కాగితం మీదే.

1. ముందు చట్టం సంగతి తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ, అందుకే దీన్ని మొదట పెట్టాం. ఫెమా (విదేశీ మారకపు చట్టం) ప్రకారం మన దేశంలో ఉన్నవాళ్లు రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఉన్న బ్యాంకులు, వేదికల ద్వారా, లేదా ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ లాంటి గుర్తింపు ఉన్న ఎక్స్ఛేంజీల్లోనే కరెన్సీ లావాదేవీలు చేయాలి. వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో లింకు పంపి "100 డాలర్లతో మొదలుపెట్టండి" అనే విదేశీ యాప్‌లకు ఆ అనుమతి లేదు. 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ 34 పేర్లతో ఒక హెచ్చరిక జాబితా విడుదల చేసింది, తర్వాత దాన్ని పెంచుతూ వచ్చింది. జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. అలాంటి యాప్‌లకు మార్జిన్ (ముందుగా కట్టే హామీ సొమ్ము) కోసం ఎల్‌ఆర్‌ఎస్ (మనవాళ్లు విదేశాలకు డబ్బు పంపుకునే పథకం) కింద డబ్బు పంపడం కూడా కుదరదు.

రెండో సంగతి. 2024 మే 3 నుంచి రూపాయి ఉన్న కరెన్సీ జతల్లో ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే ధర ఖాయం చేసుకునే ఒప్పందాలు), ఆప్షన్స్ (అలా కొనే, అమ్మే హక్కు మాత్రమే ఇచ్చే ఒప్పందాలు) చేయాలంటే మీకు నిజంగా విదేశీ మారకపు బాధ్యత ఉండాలి. 10 కోట్ల డాలర్ల వరకు కాగితాలు ముందే చూపించనక్కర్లేదు, కానీ అడిగితే చూపించగలగాలి. "కాగితాలు అడగరట కదా" అని ఊరికే పందెం కాయడం నిబంధనకు విరుద్ధం.

కాబట్టి మీరు ఏ వరసలో ఉన్నారో చూసుకోండి:

- ఎగుమతి బిల్లో, దిగుమతి చెల్లింపో ఉంటే ఎక్స్ఛేంజీకి వెళ్లొచ్చు, లేదా మీ బ్యాంకులో ఫార్వర్డ్ కాంట్రాక్టు (ముందు తేదీ మారకానికి ఇప్పుడే రేటు ఖాయం చేసే ఒప్పందం) అడగొచ్చు. ఒకే బిల్లుకు రెండుచోట్లా రక్షణ తీసుకోకూడదు.
- ఫీజు కట్టాల్సిన తల్లిదండ్రులైతే యూనివర్సిటీ ఇన్‌వాయిస్ చేతికొచ్చాక అది చెల్లుతుందో లేదో బ్రోకర్ దగ్గర రాతపూర్వకంగా తేల్చుకోండి.
- ఏ బాధ్యతా లేకపోతే కాగితం మీద నేర్చుకోండి. నేర్చుకున్నది వృథా పోదు, కానీ డబ్బు పెట్టకండి.

2. ఒకే జత, దాని కొలతలు

డాలరు–రూపాయి ఒక్కటే పట్టుకోండి. నోటుబుక్కు మొదటి పేజీలో ఇవి రాసుకోండి:

- ఒక లాట్ అంటే 1,000 డాలర్లు
- కనీస కదలిక 0.0025 రూపాయి, అంటే లాటుకు 2 రూపాయల 50 పైసలు
- డాలరు 10 పైసలు కదిలితే లాటుకు 100 రూపాయలు
- సమయం ఉదయం 9 నుంచి సాయంత్రం 5
- నెల చివరి పనిదినానికి రెండు పనిదినాల ముందు, మధ్యాహ్నం 12:30కి ఆ నెల కాంట్రాక్టు ముగుస్తుంది
- లెక్క తేల్చేది రూపాయల్లోనే, ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రకటించే రిఫరెన్స్ రేటు ప్రకారం. డాలర్లు చేతికి రావు.
- సెలవులు మన రాష్ట్రానివి కావు, ముంబైవి

ఆ కిందే పెద్ద అక్షరాలతో ఇంకో మాట రాయండి: చార్టు పైకి వెళ్తే రూపాయి బలహీనపడినట్టు. కొత్తవాళ్లు చేసే మొట్టమొదటి తప్పు ఇదే. "రూపాయి బలపడుతుంది" అని వార్త చదివి, కొనుగోలు మీట నొక్కుతారు. రూపాయి బలపడుతుందనుకుంటే అమ్మాలి.

3. శనివారం గంట: ఫండమెంటల్ పట్టిక

మార్కులు వేయడానికి ఐదే వరసలు గీయండి. డాలరును పైకి నెట్టేదానికి +1, కిందికి లాగేదానికి −1, తేలనిదానికి 0.

వడ్డీ రేట్లు: చూడాల్సింది ఇప్పటి రేటు కాదు, అంచనా ఎటు మారింది అన్నది. 2023 జూలై నుంచి 2024 సెప్టెంబరు దాకా మన రెపో (రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అప్పిచ్చే రేటు) 6.50, అమెరికా రేటు 5.25–5.50. తేడా ఒక శాతం పైచిలుకే. తేడా అంత తగ్గితే విదేశీ డబ్బు ఇక్కడ ఆగడానికి కారణం తగ్గుతుంది. ఈ వారం ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) రేట్లు తగ్గించడం ఆలస్యమయ్యేలా వార్తలు వస్తే +1.

ముడి చమురు: మనం వాడే చమురులో 85 శాతానికి పైగా దిగుమతే, దానికి ఎక్కువగా డాలర్లే కట్టాలి. బ్రెంట్ (ప్రపంచ మార్కెట్లో కొలతగా వాడే ముడి చమురు) ధర నెల కిందటి కంటే 5 శాతం పైన ఉంటే +1, 5 శాతం కింద ఉంటే −1. ఒక్కరోజు గంతుకు మార్కు వేయకండి.

విదేశీ పెట్టుబడులు: ఎఫ్‌పీఐల (విదేశీ పోర్ట్‌ఫోలియో ఇన్వెస్టర్ల) లెక్క ఎన్‌ఎస్‌డీఎల్ సైట్లో రోజూ వస్తుంది. గత ఐదు పనిదినాలు కలిపి నికరంగా అమ్మితే +1. షేర్లతో పాటు బాండ్ల వరసా చూడండి, చాలామంది దాన్ని వదిలేస్తారు.

వాణిజ్య లోటు: నెల మధ్యలో వాణిజ్య శాఖ ప్రకటిస్తుంది. నిరుడు ఇదే నెలతో పోల్చండి, పోయిన నెలతో కాదు. దీపావళి ముందు బంగారం దిగుమతి ఎలాగూ పెరుగుతుంది.

డాలర్ ఇండెక్స్: డాలరు బలాన్ని కొలిచే సూచీ ఇది. ఇందులో రూపాయి లేదు. ఆరు కరెన్సీలుంటే యూరో వాటా ఒక్కటే 57.6 శాతం. గాలి ఎటు వీస్తోందో తెలుసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. వారం మొత్తం పెరిగితే +1.

మొత్తం +3 గానీ అంతకు పైన గానీ వస్తే మొగ్గు పైకి. −3 గానీ ఇంకా కింద గానీ వస్తే మొగ్గు కిందికి. మధ్యలో ఉంటే "అభిప్రాయం లేదు" అని రాయండి. ఏడాదిలో సగం వారాలు అలాగే రాయాల్సి వస్తుంది, కంగారు పడకండి.

ఆరో వరస రిజర్వ్ బ్యాంక్‌ది, దానికి మార్కు ఉండదు. 2023 చివరి మూడు నెలలు డాలరు 83 చుట్టూనే, అర రూపాయి వెడల్పులో తిరిగింది. బయట డాలరు ఎంత ఊగినా ఇక్కడ కదలలేదంటే ఆర్‌బీఐ కొనడం, అమ్మడం వల్లనే. అలాంటప్పుడు మీ పట్టిక +4 చూపినా చార్టు కదలదు. 2025లో తోతాపురికి ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇచ్చింది కదా, మండీ రేటు ఒక్కటే చూసి ఆ ఏడు రైతు చేతికి ఎంత వస్తుందో చెప్పగలిగేవాళ్లమా? ఇదీ అంతే.

శుక్రవారం సాయంత్రం ఆర్‌బీఐ విదేశీ నిల్వల లెక్క ఇస్తుంది. నిల్వలు తగ్గగానే "ఆర్‌బీఐ డాలర్లు అమ్మింది" అనుకోకండి. ఆ లెక్క డాలర్లలో ఉంటుంది. యూరో విలువ, బంగారం ధర తగ్గినా నిల్వలు తగ్గినట్టే కనబడతాయి. నికరంగా ఎంత కొన్నదీ, అమ్మినదీ ఆర్‌బీఐ బులెటిన్‌లో సుమారు రెండు నెలలు ఆలస్యంగా వస్తుంది.

4. ముట్టుకోకూడని రోజులు గుర్తించండి

వచ్చే వారం క్యాలెండర్ చూసి ఎర్రపెన్నుతో రాయండి:

- అమెరికా ఉద్యోగాల లెక్క, సాధారణంగా నెలలో మొదటి శుక్రవారం. మన టైము ప్రకారం ఎండాకాలం షెడ్యూలులో సాయంత్రం 6, చలికాలంలో 7.
- అమెరికా ద్రవ్యోల్బణం, అదే సమయాలు
- ఫెడ్ నిర్ణయం, ఏడాదికి 8 సార్లు. రాత్రి 11:30 లేదా 12:30.
- ఆర్‌బీఐ పరపతి విధానం, దాదాపు రెండు నెలలకోసారి. ఉదయం 10.
- మన ద్రవ్యోల్బణం, నెలలో 12వ తేదీ ప్రాంతం

అమెరికా షెడ్యూలు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మారుతుంది. ఆ వారాల్లో గంట తేడా చూసుకోండి.

ఇక్కడ చిక్కు ఏమిటంటే, మన మార్కెట్ 5కే మూసేస్తారు, పెద్ద వార్తలు ఆ తర్వాతే వస్తాయి. 86.15 దగ్గర అమ్మి, 86.40కి స్టాప్ లాస్ (నష్టం పెరగకుండా బయటపడేందుకు ముందే పెట్టే ధర) పెట్టుకున్నారనుకోండి. శుక్రవారం రాత్రి లెక్కలు డాలరుకు అనుకూలంగా వచ్చాయి. సోమవారం మార్కెట్ 86.62 దగ్గర తెరుచుకుంది. మీ స్టాప్ 86.40 దగ్గర కాదు, 86.62 ప్రాంతంలో తెగుతుంది. లాటుకు 250 పోతుందనుకున్నది 470 పోయింది. స్టాప్ లాస్ పెట్టాం కదా అని నిశ్చింతగా పడుకోవడం ఇందుకే పనికిరాదు. ఎర్రపెన్ను రోజు ముందు మధ్యాహ్నమే బయటపడండి, లేదా లాట్లు సగానికి తగ్గించండి. నిజమైన బిల్లుకు రక్షణగా తీసుకున్నవాళ్లకు ఇది వర్తించదు. వాళ్లు ఉండాల్సిందే, బిల్లు రేటు మారితే ఇటు నష్టం అటు పూడుతుంది.

వార్త వచ్చినరోజు చేసే మరో తప్పు, అంకె మంచిదా చెడ్డదా అని చూడటం. చూడాల్సింది అంచనాకు, వచ్చినదానికి తేడా. 2025 జూన్ 6న ఆర్‌బీఐ రెపో తగ్గిస్తుందని అందరికీ తెలుసు. చాలామంది 0.25 శాతం అనుకుంటే 0.50 తగ్గించింది. రెపో వరకు ఆరోజు మార్కెట్‌కు కొత్త సంగతి ఆ మిగతా పావు శాతమే. క్యాలెండర్‌లో "అంచనా" గడి ముందురోజే నోటుబుక్కులోకి ఎక్కించుకోండి.

5. రోజుకు 20 నిమిషాలు: చార్టు

సాయంత్రం 5 దాటాక తెరవండి. మధ్యాహ్నం చూస్తే తయారుకాని క్యాండిల్ (ఆ రోజు మొదలు, ముగింపు, గరిష్ఠ, కనిష్ఠ ధరలు చూపే కడ్డీ) చూసి మోసపోతారు.

అ) రోజువారీ క్యాండిల్స్, ఆరు నెలలు.

ఆ) ధర కనీసం రెండుసార్లు వెనక్కి తిరిగిన చోట్లు గుర్తించండి. గీత కాదు, పట్టీ గీయండి. డాలరు–రూపాయికి 10 పైసల వెడల్పు పట్టీ చాలు. 86.3275 అని నాలుగు దశాంశాలతో గీత గీసి, అక్కడ రెండు పైసలు దాటగానే "బ్రేక్ అయింది" అని ఎగబడేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. పట్టీ దాటి రోజు ముగింపు ధర నిలబడితేనే దాటినట్టు.

ఇ) 20 రోజుల, 50 రోజుల మూవింగ్ యావరేజ్‌లు (గత అన్ని రోజుల ముగింపు ధరల సగటు గీతలు) వేయండి. ధర రెండింటి పైన, 20ది 50 పైన ఉంటే పోకడ పైకి. దీనికి తలకిందులైతే కిందికి. రెండూ అల్లుకుపోతే పోకడ లేదు.

ఈ) ఏటీఆర్ 14 (14 రోజుల ఊగిసలాట సగటు) పెట్టండి. రోజుకు సగటున ఎంత ఊగుతోందో అది చెబుతుంది. స్టాప్ దూరం అంతకంటే తక్కువ పెడితే మామూలు ఊగిసలాటకే తెగిపోతుంది.

ఇక చాలు. ఆర్‌ఎస్‌ఐ, స్టోకాస్టిక్, ఎమ్‌ఏసీడీ అనే చార్టు సూచికలు మూడూ "కొను" అంటున్నాయని ధీమా పడకండి. మూడూ పుట్టింది అదే ధర నుంచి. ఒకే సాక్షిని మూడుసార్లు బోనెక్కించినంత మాత్రాన ముగ్గురు సాక్షులు కారు.

ఫ్యూచర్స్ చార్టులో ఒక బోల్తా ఉంది. స్పాట్ (ఇప్పటికిప్పుడు మార్చుకునే ధర) 86.00, రెండు దేశాల వడ్డీ తేడా ఏడాదికి 2 శాతం అనుకుంటే నెల ఫ్యూచర్ 86 × 0.02 ÷ 12, అంటే 14 పైసలు ఎక్కువ, 86.14 దగ్గర ఉంటుంది. "మార్కెట్ పెరుగుదల ఆశిస్తోంది" అని దానికి అర్థం కాదు, అది వడ్డీ లెక్క. పాత నెల పోయి కొత్త నెల రాగానే చార్టులో 14 పైసల గంతు కనబడుతుంది. దాన్ని బ్రేకవుట్ (పట్టీ దాటడం) అనుకోకండి. సరిచూసుకోవడం తేలిక: అదేరోజు స్పాట్ చార్టు తెరవండి. అక్కడ గంతు లేకపోతే అది కాంట్రాక్టు మారడమే.

6. రెండూ కలపడం

- పట్టిక, పోకడ రెండూ ఒకే వైపు: ధర పట్టీ దగ్గరికి వెనక్కి వచ్చేదాకా ఆగి దిగండి. పరిగెత్తే ధరను తరమకండి.
- పట్టిక ఒక వైపు, చార్టు ఇంకో వైపు: ఏమీ చేయకండి. వార్తలోని సంగతి ధరలోకి ఇంకా రాలేదో, మీ పట్టికే తప్పో ఇప్పుడు తెలియదు.
- పట్టికలో అభిప్రాయం లేదు, చార్టులో పోకడ స్పష్టం: కాగితం మీద సగం లాట్లతో రాసి చూడండి.
- ఎర్రపెన్ను రోజు: పై మూడూ రద్దు.

చార్టు ఎంత బలంగా కనబడినా ఒక్క ప్రకటన దాన్ని చెరిపేయగలదు. యూరో–స్విస్ ఫ్రాంక్ చార్టులో 1.20 గోడలా కనబడేది. 2011 సెప్టెంబరులో స్విస్ కేంద్ర బ్యాంకు కట్టిన గోడ అది. 2015 జనవరి 15న అదే బ్యాంకు తీసేసింది. నిమిషాల్లో ధర 1.00 కిందికి పోయింది. 1.19 దగ్గర స్టాప్ పెట్టుకున్నవాళ్లకు ఆ ధర దొరకలేదు. సపోర్ట్ (ధర ఇంకా కిందికి పోకుండా ఆగే చోటు) కనబడినప్పుడు "దీన్ని ఎవరు నిలబెడుతున్నారు?" అని అడగడం ఫండమెంటల్ చేసే పని.

7. లాట్ల లెక్క

దిగే ముందు చేయాలి, దిగాక కాదు. పెట్టుబడి 50,000. ఒక్కసారికి పోనివ్వగలిగేది 1 శాతం, అంటే 500. స్టాప్ దూరం 25 పైసలైతే లాటుకు 250. కాబట్టి 2 లాట్లు. మార్జిన్ ఒప్పందం విలువలో కొద్ది శాతమే కాబట్టి బ్రోకర్ మీకు ఇంకా చాలా లాట్లు ఇస్తాడు. ఇస్తాడని తీసుకోకండి.

2024 నిబంధన తర్వాత ఎక్స్ఛేంజీలో లావాదేవీలు బాగా పలచబడ్డాయి. మార్కెట్ ఆర్డర్ (దొరికిన ధరకు) వేయొద్దు, లిమిట్ ఆర్డరే (మీరు చెప్పిన ధరకు) వేయండి. దగ్గరి నెల కాంట్రాక్టు తప్ప దూరపు నెలల జోలికి వెళ్లేముందు కొనే ధరకూ అమ్మే ధరకూ ఎంత దూరముందో చూడండి.

ఎగుమతిదారులకు లెక్క వేరు. గుజ్జు కంటైనర్లకు 60 రోజుల్లో 40,000 డాలర్లు రావాలి, అంటే 40 లాట్లు అమ్మాలి. "అమ్మాలా వద్దా" అన్నది ప్రశ్నే కాదు, "ఎప్పుడు ఎంత" అన్నదే. 20 లాట్లు బిల్లు తయారైన రోజే అమ్మండి. 10 లాట్లు చార్టులో పై పట్టీ తగిలినప్పుడు. మిగతా 10కి ఒక తేదీ రాసుకుని, ధర ఎంతున్నా ఆరోజు అమ్మేయండి. ఆ తేదీ రాయనివాళ్లు మంచి రేటు కోసం చివరిదాకా ఎదురుచూసి చిక్కుకుంటారు. 60 రోజులు కాబట్టి ముగిసే కాంట్రాక్టును మధ్యలో తర్వాతి నెలకు మార్చుకోవడం మరవకండి.

8. సరిచూసుకోవడం

ప్రతి కాగితపు లావాదేవీకి ఆరు గడులు: తేదీ, దిగిన ధర, స్టాప్, లక్ష్యం, కారణం, ఫలితం. కారణం గడిలో ఫ, టె, లేదా రెండూ అని రాయండి. మొదటి ఐదు గడులు దిగకముందే నిండాలి. తర్వాత నింపితే లెక్క చెల్లదు, ఆ వరస కొట్టేయండి.

30 అయ్యాక ఆగి కూడండి. ఉదాహరణకు 12 గెలుపులు, సగటు 600. 18 ఓటములు, సగటు 250. 7,200 లోంచి 4,500 తీస్తే 2,700. 30తో భాగిస్తే ఒక్కోదానికి 90. బ్రోకరేజీ, పన్నులు, ధరల మధ్య దూరం కలిపి 50 పోతే 40 మిగిలింది. గెలుపులు సగం కూడా లేకపోయినా లాభమే వచ్చింది చూడండి. అందుకే "నా అంచనా 80 శాతం కరెక్ట్" అన్న మాట ఒక్కటే విని ఎవరికీ డబ్బు కట్టకండి, ఓడినప్పుడు ఎంత పోయిందో అడగండి. షేర్ల ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్)లో 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ లెక్క తేల్చింది.

తర్వాత అక్షరాల వారీగా విడదీయండి. "టె" వరసలు నష్టంలో, "రెండూ" లాభంలో ఉంటే ఇకమీదట పట్టిక లేకుండా దిగకండి. "ఫ" వరసల్లో దిశ సరిగ్గా ఉండి కూడా స్టాప్‌లు తెగుతుంటే మీ పట్టిక బాగానే ఉంది, తొందరపడి దిగుతున్నారు, లేదా స్టాప్ ఏటీఆర్ కంటే దగ్గరుంది. మూడు రకాలూ నష్టమైతే ఇంకో 30 కాగితం మీదే రాయండి.

నిజమైన బిల్లుతో నడిచేవాళ్లు వారం వారం ఇంకొకటి చూడాలి: తెరిచి ఉన్న లాట్లు, రావాల్సిన డాలర్లు సరిపోతున్నాయా? కొనుగోలుదారు 40,000ను 25,000కు తగ్గించాడని మెయిల్ వస్తే మిగతా 15 లాట్లు ఆరోజే మూసేయండి. ఆ క్షణం నుంచి వాటి వెనక బిల్లు లేదు. ఆ మెయిల్ ప్రింటు తీసి నోటుబుక్కులో అదే పేజీకి అంటించండి.